మంచం కింద మినుముల బస్తా, బస్తాలో గ్యాస్ మాత్ర

మీ ఇంట్లో మినుముల బస్తా గానీ పెసల మూట గానీ ఉండి, అందులో గుడ్డలో కట్టిన బూడిదరంగు మాత్రలు వేసి ఉంటే, ఇక్కడితో చదవడం ఆపేయండి. ముందు పిల్లల్ని ఆ గదిలోంచి బయటికి తీసుకురండి. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. ఈ రాత్రి ఆ గదిలోనే కాదు, పక్క గదిలో కూడా ఎవరూ పడుకోవద్దు. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇంత గాభరాగా ఎందుకు మొదలుపెట్టానంటే, ఇది ఆ మాత్రలు ఇళ్లలోకి వచ్చే కాలం. వరి కోతలకు రెండు మూడు రోజుల ముందు మాగాణిలో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొచ్చింది. అమ్మగా మిగిలింది ఇంటికి చేరింది. దివిసీమ, మొవ్వ, పామర్రు, గుడివాడ వైపు పోయినా, కృష్ణ దాటి తెనాలి, రేపల్లె వైపు పోయినా వసారాలో, మెట్ల కింద, చోటు చాలకపోతే పడకగదిలో మంచం కింద అపరాల బస్తాలుంటాయి. అందులో కొంత వచ్చే ఏటికి విత్తనం. మిగతాది ఏడాది పొడుగునా ఇడ్లీకి, గారెలకు, సున్నుండలకు. విజయవాడలో అద్దె ఇళ్లలో ఉండే కొడుకులకు, కూతుళ్లకు ఊరి నుంచి ఒక మూట వస్తుంది. ఆ మూటతోపాటే, పురుగు పట్టకుండా వేసుకోమంటూ కాగితంలో చుట్టిన రెండు మాత్రలు కూడా వస్తున్నాయి.

కిందటేడు మా పిన్ని వాళ్లింట్లో నా కళ్లతో చూశాను. మధ్యాహ్నం పూట ఏసీ గది, కిటికీలు బిగించి ఉన్నాయి. మంచం మీద ఏడేళ్ల మనవరాలు నిద్రపోతోంది. మంచం కింద మినుముల బస్తా. గదిలో అడుగుపెట్టగానే సన్నగా వెల్లుల్లి వాసన తగిలింది.

“పిన్నీ, ఇందులో ఏం వేశావు?”

“కొట్లో అడిగితే ఇచ్చాడు నాన్నా. బియ్యంలోకి కూడా ఇవే వేస్తారంటగా.”

పాపను ఎత్తుకుని బయటికి వచ్చేశాం. తలుపులన్నీ తెరిచి, ఆ పూటా ఆ రాత్రీ ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. పిన్ని ఆ మాత్రలు వేసి అప్పటికి గంట కూడా కాలేదు, అంతే. పాప ఆ గదిలో తెల్లవార్లూ పడుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఈరోజుకీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ మాత్ర పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. పెద్ద పెద్ద గోదాముల్లో బస్తాల నెట్లను మందపాటి షీట్లతో కప్పి, అంచులు మూసేసి, మనుషులు లేకుండా చూసుకుని వాడే విషం. 3 గ్రాముల మాత్ర ఒకటి దాదాపు ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. అందుకు నీళ్లు పోయనక్కర్లేదు, గాలిలో ఉన్న తేమ చాలు. కృష్ణా డెల్టా గాలిలో తేమకు కొదవ లేదని వేరే చెప్పాలా? వాయువు వెల్లుల్లిలా, కుళ్లిన చేపలా వాసన వేస్తుంది. అలాగని వాసన లేదు కాబట్టి వాయువు లేదనుకోవద్దు, ముక్కుకు తెలియని మోతాదులోనూ అది హాని చేస్తుంది. గుడ్డ మూట దాన్ని ఆపదు, గోనె సంచీ ఆపదు. గోడ పగుళ్లు, పైపుల సందులు, ఏసీ కోసం కొట్టిన కన్నం, ఏ దారి దొరికినా పక్కింటికి కూడా వెళుతుంది. షార్జాలో పక్క ఫ్లాటు వాళ్లు వాడిన ఈ మందుకు పసివాళ్లు బలైన ఉదంతాలున్నాయి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

ఈ విషానికి విరుగుడు మందు లేదు. డాక్టర్లు ఊపిరి నిలబెట్టడానికి, గుండె ఆగకుండా చూడడానికి పోరాడతారు, అంతకుమించి చేయగలిగింది తక్కువ. పైగా మొదట్లో లక్షణాలు మోసం చేస్తాయి. తలనొప్పి, వికారం, వాంతులు, ఛాతీ బిగపట్టినట్టు ఉండడం, ఆయాసం. రాత్రి తిన్నది పడలేదేమో అనుకుని మజ్జిగ తాగి మళ్లీ అదే గదిలో పడుకుంటారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అయితే తిండి సంగతి తర్వాత, ముందు అందరూ బయటికి రండి. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొట్టమొదట ఆ మాత్రల సంగతే చెప్పండి. నాలుగు తిట్లు పడతాయని దాచిపెట్టవద్దు.

మాత్రలు మిగిలి ఉంటే నీళ్లలో వేయవద్దు, మురుగు కాలవలో పారేయవద్దు, పొయ్యిలో పెట్టవద్దు, ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. నీళ్లు తగిలితే వాయువు ఒక్కసారిగా ఎగతన్నుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. మండల వ్యవసాయాధికారికి గానీ అగ్నిమాపక శాఖకు గానీ చెప్పండి. మాత్ర విచ్చిపోగా మిగిలిన పొడి కలిసిన గింజలు తినడానికి పనికిరావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. బియ్యం బస్తాలు, పప్పు డబ్బాలు ఆ నీళ్లలోనే తేలాయి. అలాంటి రోజున ఈ మాత్రలున్న బస్తా ఇంట్లో ఉండి, ఆ ఇంటివాళ్లు మేడ మీద చిక్కుకుపోతే ఏమవుతుందో ఊహించండి. వరదొచ్చే ఊళ్లలో ఉన్నవాళ్లం ఇది ఇంట్లో పెట్టుకోకూడదు.

చట్టం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. ఆ 3 గ్రాముల మాత్రలతో పొగపెట్టే పని ప్రభుత్వ సంస్థలో, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పెస్ట్ కంట్రోల్ వాళ్లో మాత్రమే చేయాలి. ఇళ్లలోకి తేలిగ్గా చేరిపోయే 10 మాత్రల, 20 మాత్రల చిన్న గొట్టాల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని కేంద్రం 2001లోనే పూర్తిగా నిషేధించింది. ఇప్పుడు గొట్టం కూడా లేకుండా, పేరు లేకుండా, హెచ్చరిక లేకుండా పేపరు ముక్కలో చుట్టి విడిగా చేతిలో పెడుతున్నారు. తిండినీ విషాన్నీ ఒకే చోట ఉంచితే ఏం జరుగుతుందో ఈ దేశం 1958లో కేరళలో చూసింది. సరుకు రవాణాలో ఫాలిడాల్ అనే పురుగుమందు గోధుమ సరుకులో కలిసి వంద మందికి పైగా చనిపోయారు. ఆ చావుల తర్వాతే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది.

మరి పురుగు సంగతి? అపరాలు పుచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా అని అడుగుతారు. అక్కర్లేదు. కానీ ముందు ఆ పురుగు ఏం చేస్తుందో తెలియాలి.

తెల్ల పళ్లెంలో గుప్పెడు పెసలు పోసి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టండి. ఆకుపచ్చ గింజ మీద ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని తెల్ల చుక్క కనిపిస్తే గోటితో గీరండి. దుమ్మయితే రాలిపోతుంది. రాలకుండా గింజను అంటిపెట్టుకుని ఉంటే అది పుచ్చు పురుగు గుడ్డు. పెట్టిన రోజున గుడ్డు గాజులా ఉండి దాదాపు కంటికి ఆనదు. తెల్లగా కనిపిస్తోందంటే, పిల్ల పురుగు అప్పటికే గుడ్డు అడుగునుంచి గింజలోకి తొలుచుకుపోయి, తొలిచిన పొడిని వెనక్కి ఆ డొల్లలోకి నెట్టిందన్నమాట. ఇక అది బయటికి రాదు. లోపలే తిని, లోపలే పెరిగి, మూడు నాలుగు వారాలకు గింజకు గుండ్రటి కిటికీ కోసుకుని రెక్కల పురుగై వస్తుంది. ఆ రెక్కల పురుగుకు తిండితో పనిలేదు. బతికే వారం పది రోజుల్లోనే ఒక్కో ఆడపురుగు పదుల కొద్దీ, ఒక్కోసారి వంద దాకా గుడ్లు పెడుతుంది. మార్చిలో దాచిన విత్తనం నవంబరు, డిసెంబరుల్లో చల్లేదాకా ఎనిమిది నెలలు ఉండాలి. అంటే ఎనిమిది తరాలు.

ఎక్కువగా ఈ పురుగు మొదలయ్యేది మన ఇంట్లో కాదు. చేలో కాయ పండుతుండగానే వచ్చి కాయల మీద గుడ్లు పెడుతుంది. నూర్చిన గింజతోపాటే బస్తాలోకి వస్తుంది. మనం దాన్ని చూసేది మాత్రం మృగశిర దాటి, తొలకరి పడి, గాలి చెమ్మగిల్లాక, గింజలకు కన్నాలు పడి బస్తా లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలినప్పుడు. అప్పుడు భయపడి కొట్టుకు పరిగెడతాం, కొట్లో ఆ మాత్ర ఇస్తారు. రోగం ముదిరాక మందుకు పరిగెత్తడమే ఇది. ముందే కాస్త పని చేసుకుంటే ఆ మాత్రతో అవసరమే రాదు. ఆ పనికి వేప, ఆముదం, ఎండ చాలు.

వేప శక్తి గురించి మన పెద్దవాళ్ల మాటే కాదు, శాస్త్రవేత్తల పనీ ఉంది. 1962లో ఢిల్లీ మీదికి మిడతల దండు వచ్చినప్పుడు భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో వేపగింజల పొడి కలిపిన నీళ్లు చల్లిన మొక్కలను మిడతలు ముట్టలేదు. అదే పరంపరలో 1967లో జోత్వానీ, సర్కార్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా మన పుచ్చు పురుగు మీదే పరీక్ష చేసి, నూరు పాళ్ల అపరాల గింజకు ఒకటి రెండు పాళ్ల వేపపప్పు పొడి కలిపితే నెలల తరబడి కాపాడుతుందని రాశారు. నూనె పనిచేసే తీరు ఇంకా సూటిగా ఉంటుంది. గింజ మీద పల్చటి పొరలా పట్టిన నూనె గుడ్డుకు గాలి అందనివ్వదు. నూనె పట్టిన గింజ మీద ఆడపురుగు గుడ్డు పెట్టడానికి కూడా జంకుతుంది. అయితే ఒక్క సంగతి. గింజలోపల చేరిపోయిన పురుగును నూనె వెతికి చంపలేదు. అందుకే ఇప్పుడే చేయాలంటున్నాను, కన్నాలు పడ్డాక కాదు.

విత్తనానికైతే ఇలా చేయండి. రోహిణి ఎండలు ఉండగానే టార్పాలిన్ మీద పల్చగా పరిచి రెండు మూడు రోజులు గలగలమనేదాకా ఎండబెట్టండి. పంటి కింద పెడితే మెదగకుండా టక్కున విరగాలి. వేడి గింజను వేడిగానే బస్తాలో పోయవద్దు, లోపల చెమరుస్తుంది. రాత్రంతా నీడన ఆరనివ్వండి. తర్వాత కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 25 కిలోల బస్తాకు ఇంచుమించు అరపావు లీటరు వేపనూనె తీసుకుని, కొంచెం కొంచెంగా పోస్తూ రెండు చేతులతో పట్టించండి. ప్రతి గింజా సన్నగా మెరవాలి, చేతికి జిడ్డు కారకూడదు. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు కాదు, మొలకే దెబ్బతింటుంది. నూనె పట్టించాక మళ్లీ ఎండలో పెట్టవద్దు, ఎండకు వేపలోని చేదు సత్తువ చచ్చిపోతుంది. పాత గోనె సంచుల కుట్ల మధ్య చిక్కిన గింజల్లో పురుగు దాగి ఉండొచ్చు. వాటిని తిరగేసి మరిగే నీళ్లలో ముంచి, బాగా ఎండబెట్టాకే వాడండి. బస్తాను నేలమీద కాకుండా చెక్కబల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. మాగాణి మినుముకు ఎకరానికి పదహారు కిలోల పైచిలుకు విత్తనం చల్లుతాం. పొలం దున్నేది లేదు, రెండోసారి చల్లే తడీ ఉండదు. మొలక కన్ను పుచ్చిపోయిన గింజ ఆ బురదలో కుళ్లిపోవడమే.

తినే గింజల దారి వేరు. వాటికి వేపనూనె, కానుగనూనె పనికిరావు. కిలోకు ఒక చెంచా ఆముదం గానీ వేరుశనగ నూనె గానీ పట్టించి, మూత బిగుతుగా పట్టే డ్రమ్ములో నిండా, అంచు దాకా పోసి మూయండి. మినప్పప్పు నానబోసి పొట్టు కడిగేటప్పుడే ఆ నూనె పోతుంది. పెసరట్టుకు పెసలు పొట్టుతోనే రుబ్బుతాం కాబట్టి గోరువెచ్చటి నీళ్లలో రెండుసార్లు కడగండి. చేతనైతే వేసవిలోనే బద్దలు చేసి పొట్టు తీసి పప్పుగా దాచుకోవడం ఇంకా మేలు, పొట్టు లేని బద్ద మీద ఈ పురుగు సంతతి పెరగడం కష్టం. మన అమ్మమ్మలు అపరాల కుండ పైన జల్లించిన కచ్చిక బూడిద మందంగా పోసేవారు. అదీ మంచిదే, ఆ బూడిదలో పురుగు కదలలేదు. గాలి చొరని డ్రమ్ముల సంగతి చెప్పాలంటే, ఇదే జాతి పురుగుతో పశ్చిమ, మధ్య ఆఫ్రికా రైతులు మనకంటే ఎక్కువ నష్టపోయారు. అక్కడ బొబ్బర్లే మాంసం, పాలు అన్నీ. కామెరూన్‌లో 1980ల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు రైతులతో కలిసి మూడు పొరల సంచీ తయారుచేశారు. లోపలున్న కాస్త గాలినీ పురుగులే వాడేసుకుని చస్తాయి. మందు చుక్క అక్కర్లేదు. గింజ మాత్రం పొడిగా ఉండాలి. తడి గింజను బిగిస్తే బూజు పడుతుంది, ఆ బూజు విషం పురుగు కంటే చెడ్డది.

ఇక నేను భయపడుతున్న రెండో సంగతి. ఆ మాత్ర వద్దంటే జనం “చెట్టు మందు” అనే మాట పట్టుకుని ఏదిపడితే అది పప్పు డబ్బాలో వేస్తారు. చెట్టుదైతే ప్రమాదం లేదన్న నమ్మకం మనలో చాలా లోతుగా పాతుకుపోయింది. ఉమ్మెత్త చెట్టే, గన్నేరు చెట్టే. రెంటికీ మనుషులు చచ్చారు.

ప్రకృతి సేద్యం చేసే అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీరు పైరు మీద కొట్టే దశపర్ణి కషాయం గొప్పదే కావచ్చు, దాచిన గింజ మీద మాత్రం చుక్క కూడా చల్లవద్దు. అందులో తినకూడని ఆకులుంటాయి, పేడ, మూత్రం ఉంటాయి. పైగా అది నీళ్ల మందు. ఎండబెట్టిన గింజను మళ్లీ తడిపి బూజును పిలిచినట్టే. సీతాఫలం గింజల పొడి పురుగును చంపుతుంది, నిజమే. అదే పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర ఒలిచినట్టయి చూపు మసకబారుతుంది. పేలకు తలకు పట్టించుకుని కళ్లు పాడుచేసుకున్నవాళ్లున్నారు. ఆ పొడి రోట్లో దంచే ఆడవాళ్ల కళ్లు ఎవరు చూస్తారు? వస కొమ్ము సంగతీ అంతే. మాటలు రావాలని పిల్లలకు వస పోసిన ఇళ్లే మనవి, దాన్ని తప్పుబడితే కోపం వస్తుందని తెలుసు. వసలో ఉండే ఆసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ పుట్టించిందని తేలాకే 1968లో అమెరికా దాన్ని తిండి పదార్థాల్లో నిషేధించింది. విత్తనం బస్తాలో పెట్టుకోండి, తినే పప్పులో వద్దు. వేపనూనె కూడా పసిపిల్లల కడుపులోకి పోకూడదు. 1981లో మలేసియా వైద్యులు, వేపనూనె తాగించిన పసికందుల్లో మెదడు, కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. సీసా అలమర పై అరలో పెట్టి, మీద “విత్తనం మందు” అని రాయండి.

వేపాకు మీద కూడా భ్రమ వద్దు. పచ్చి ఆకు వేస్తే బస్తాకు తేమ పడుతుంది. నీడన ఎండిన వేపాకు, వావిలాకు పొరలుగా పరిస్తే పురుగు కొంత తొలుగుతుంది, అంతే. నూనె పట్టించడం, ఎండబెట్టడం చేయకుండా నాలుగు రెమ్మలు పడేసి నిశ్చింతగా ఉంటే, శ్రావణానికి ఆ రెమ్మల మీదే పురుగులు పాకుతుంటాయి. అప్పుడు చెట్టు మందు పనిచేయదని తేల్చేసి మళ్లీ ఆ మాత్ర దగ్గరికే పోతారు. నా భయం అదే. ఇక బోరిక్ పౌడరు, చీమల మందు, ఎప్పుడో నిషేధించినా ఇంకా అటకల మీద మిగిలి ఉన్న గమాక్సిన్ పొడి, వీటిని తినే గింజకు తగలనివ్వకండి.

ఇంటివాళ్లకు ఇన్ని చెప్పి ప్రభుత్వాన్ని వదిలేస్తే అన్యాయం. పక్కనే ఘంటసాలలో మాగాణి అపరాల మీద పనిచేసే పరిశోధనా స్థానం ఉంది. గుంటూరు దగ్గర లాం ఫారంలో పుట్టిన మినుము రకాలే మన పొలాల్లో పండుతున్నాయి. రకం ఇవ్వడంతో పని అయిపోలేదు. ప్రతి రైతు సేవా కేంద్రంలోనూ కోత సమయానికే మంచి వేపనూనె, కొలత గిన్నె, గాలి చొరని సంచులు ఉండాలి. గుడ్డును చూపించడానికి ఒక భూతద్దం ఉండాలి. పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఒక పూట చేసి చూపిస్తే ఊరంతా నేర్చుకుంటుంది. విడి మాత్రల అమ్మకం మీద కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు, బాపట్ల జిల్లాల అధికారులు ఈ వారమే దుకాణాలు తనిఖీ చేయాలి. ఎవరి ప్రాణమో పోయాక కాదు. వ్యాపారులకు కూడా ఒక మాట. కొట్టుకొచ్చిన పెద్దావిడ పురుగుకు మందు అడిగితే ఆమె అడిగేది విషం అని ఆమెకు తెలియదు. మీకు తెలుసు.

వేపపండ్లు రాలే రోజులు దగ్గరికొచ్చాయి. జ్యేష్ఠం, ఆషాఢాల్లో ఊరి చెరువు గట్టు మీద, గుడి దగ్గర పండ్లు తొక్కిడి అయిపోతుంటాయి. ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి దాచుకుంటే వచ్చే మార్చికి కొట్టుకు పోకుండానే విత్తనం మందు ఇంట్లో ఉంటుంది. ఈ ఏటికి మాత్రం కొనుక్కోక తప్పదు, ఎండ ఉన్న రోజులు ఇంకెన్నో లేవు. రేపు పొద్దున్నే బస్తాలు మేడ మీదికి ఎక్కించండి. విత్తనం బస్తాకు ఎర్రగుడ్డ, తినేదానికి తెల్లగుడ్డ కట్టండి. బెజవాడలోనో హైదరాబాదులోనో ఉంటే, ఇవాళ రాత్రి పడుకోబోయే ముందు ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి, మినుముల బస్తా ఏ గదిలో ఉందో, అందులో ఏం వేసిందో అడగండి.